మా గిటార్‌కు గొంతు ఎట్లా వచ్చింది



పోస్టు కొంచెం పొడుగు ఉంటది, ఓపికగా చదవండి. హాస్టళ్లలో ఉండి గిటార్ నేర్చుకుంటున్న మన పిల్లల కోసం రాస్తున్నాం. గిటార్ ముట్టనివాళ్లు కూడా చదవచ్చు. ఎందుకంటే ఈ మాట తిరిగి తిరిగి మన కీక్రి దగ్గరికే వస్తది.

మేము నలుగురం. ఉట్నూర్ చుట్టుపక్కల ఊళ్ల నుంచి డిగ్రీకి వచ్చి ఒకే రూమ్‌లో ఉంటున్నాం. నలుగురికీ కలిపి ఒక సెకండ్‌హ్యాండ్ ఎలక్ట్రిక్ గిటార్, ఒక చిన్న ఎఫెక్ట్స్ ప్రాసెసర్, రెండు జతల ఇయర్‌ఫోన్లు ఉన్నాయి. జూనియర్లు వచ్చి మమ్మల్ని ఎక్కువగా అడిగే ప్రశ్న ఒక్కటే. "అన్నా, కార్డ్స్ కొడితే మంచిగనే వినిపిస్తది. సోలో మొదలుపెడితే మాత్రం దోమ అరిచినట్టు ఉంటది. పెద్ద పెద్ద వాళ్లది మనిషి పాడినట్టు సాగుతది. మనది ఎందుకట్ల రాదు? మంచి గిటార్ కొనాల్నా?"

కొనాల్సిన పని లేదు. ఉన్నదాంట్లోనే చాలావరకు వస్తది. కానీ ముందు ఆ "పాడినట్టు" అనేది ఏందో అర్థం కావాలి.

గిటార్ తీగను మీటినప్పుడు మొదటి క్షణంలోనే శబ్దం పెద్దగా వస్తది, ఆ వెంటనే తగ్గుకుంటూ పోతది. డప్పు మీద దెబ్బ కూడా అంతే. మనిషి గొంతు అట్లా కాదు. ఊపిరి ఉన్నంతసేపు స్వరాన్ని పట్టుకోవచ్చు, మధ్యలో పెంచొచ్చు, వణికించొచ్చు. కీక్రి కూడా విల్లు కదిలినంతసేపు మోగుతనే ఉంటది. కాబట్టి మీటే వాయిద్యంతో పాడించాలంటే, తగ్గిపోయే ఆ శబ్దాన్ని ఎట్లనో నిలబెట్టాలి. రాక్ సోలో టోన్ కథంతా ఇదే.

నిలబెట్టేది ఓవర్‌డ్రైవ్. దీన్ని మేము జూనియర్లకు ఇట్లా చెప్తాం. చూరు కిందికి ఉన్న గుడిసెలోకి పొడుగోడు, పొట్టోడు ఇద్దరూ పోయారు అనుకోండి. పొడుగోడు వంగాలి, పొట్టోడు నిటారుగా నిలబడతడు. లోపల ఇద్దరూ దాదాపు ఒకే ఎత్తు కనిపిస్తరు. ఓవర్‌డ్రైవ్ చేసేది అదే. మీటిన క్షణంలో వచ్చే పెద్ద శబ్దాన్ని చూరు ఆపేస్తది. తర్వాత వచ్చే చిన్న శబ్దాన్ని ముట్టుకోదు. పెద్దకూ చిన్నకూ తేడా తగ్గేసరికి స్వరం చాలాసేపు ఒకే బలంతో ఉన్నట్టు వినిపిస్తది. దీన్నే సస్టెయిన్ అంటారు. చూరుకు తగిలినప్పుడు శబ్దం ఆకారం మారి కొత్త స్వరాలు కూడా కలుస్తయ్. గరగర అక్కడి నుంచే వస్తది.

ఇది తెలిసిన వెంటనే ఎవరైనా చేసే పని గెయిన్ నాబ్‌ను చివరిదాకా తిప్పడం. చూరు మరీ కిందికి దింపితే ఏమైతది? లోపలికి వచ్చినోళ్లంతా పాకాల్సిందే. ఎవరు ఎవరో తెల్వదు. మెల్లగా మీటినా గట్టిగా మీటినా ఒకే మోత. తీగ మీద వేలు జరిగిన చప్పుడు, కరెంటు హమ్, పక్క తీగల మోగుడు అన్నీ పైకి వస్తయ్. మేము నేర్పేటప్పుడు ఒక పరీక్ష పెడతాం. గెయిన్‌ను సున్నా నుంచి మెల్లగా పెంచుతూ ఒకే స్వరాన్ని మీటాలి. నాలుగైదు సెకన్లు స్వరం నిలబడి, మెల్లగా మీటితే శుభ్రంగా, గట్టిగా మీటితే గరుకుగా వచ్చే చోటు ఒకటి దొరుకుతది. అక్కడ ఆగాలి. చాలాసార్లు అది సగం దగ్గరే ఉంటది.

ఇక గిటార్ మీదనే ఉన్న నాబ్‌ల సంగతి. వాటిని ముట్టుకోనివాళ్లే ఎక్కువ. మా గిటార్ స్ట్రాట్ రకం, మూడు పికప్‌లు ఉంటయ్. వంతెన పక్కన ఉన్న బ్రిడ్జ్ పికప్ దగ్గర తీగ తక్కువగా ఊగుతది, అక్కడ సన్నని, పదునైన శబ్దం వస్తది. మెడ పక్కన ఉన్న నెక్ పికప్ దగ్గర తీగ ఎక్కువగా ఊగుతది, శబ్దం గుండ్రంగా వస్తది. పాడే టోన్ కావాలంటే నెక్ పికప్‌తో మొదలుపెట్టండి. టోన్ నాబ్‌ను 10 నుంచి 5కు తగ్గించండి. దోమ అక్కడికక్కడే చస్తది.

ఈ కిటుకు కొత్తది కాదు. ఎరిక్ క్లాప్టన్ 1967లో క్రీమ్ బ్యాండ్‌తో ఉన్నప్పుడు గిబ్సన్ ఎస్‌జీ గిటార్ మీద టోన్ నాబ్‌ను బాగా తగ్గించి, మార్షల్ ఆంప్‌ను గట్టిగా పెట్టి వాయించేవాడు. ఆ శబ్దానికి "ఉమన్ టోన్" అని పేరు పడింది. 'సన్‌షైన్ ఆఫ్ యువర్ లవ్' సోలోలో వినండి. పైనున్న పదును తీసేస్తే లోపలున్న గొంతు ఎట్లా బయటికి వస్తదో తెలుస్తది.

తర్వాతిది మిడ్. రూమ్‌లో ఒక్కరమే కూర్చుని వాయిస్తే బాస్ ఎక్కువ, ట్రెబుల్ ఎక్కువ, మిడ్ తక్కువ పెట్టుకున్న టోన్ మస్తుగా ఉంటది. అదే బ్యాండ్‌తో కలిస్తే మాయమైతది. కింది శబ్దమంతా బాస్ గిటార్, డ్రమ్ముల చేతిలో ఉంటది. పైదంతా తాళాలది. మిగిలింది మధ్యలో ఉన్న జాగ, సుమారు 500 నుంచి 1500 హెర్ట్జ్ దాకా. మనిషి మాట వినపడడానికి ముఖ్యమైన జాగ కూడా అక్కడే ఉంది. నాగోబా జాతరలో అన్ని డోళ్ల మోతలో కూడా తప్పిపోయిన పిల్లను పిలిచే తల్లి గొంతు మనకు వినపడతది కదా, లీడ్ గిటార్ కూడా ఆ దారినే రావాలి. ఇబానెజ్ వాళ్ల ట్యూబ్ స్క్రీమర్ అనే ఆకుపచ్చ పెడల్‌ను ఇన్నేండ్లుగా అందరూ వాడడానికి కారణం ఇదే. అది 720 హెర్ట్జ్ చుట్టూ ఉన్న మిడ్‌ను ముందుకు తెస్తది, బాస్‌ను కొంచెం కోస్తది. దాంట్లో డ్రైవ్ తక్కువ, లెవెల్ ఎక్కువ పెట్టి, అప్పటికే కొంచెం గరుకుగా ఉన్న ఆంప్‌లోకి పంపిస్తారు. మన చిన్న ప్రాసెసర్లలో కూడా దాని నకలు ఏదో ఒక పేరుతో ఉంటది.

హాస్టల్ పిల్లలకు అన్నిటికంటే ముఖ్యమైనది ఇంకొకటి. మన దగ్గర ఆంప్ ఉండదు. ప్రాసెసర్‌ను ఇయర్‌ఫోన్లకో, ఫంక్షన్లో సౌండ్ సిస్టమ్ అన్న మిక్సర్‌కో నేరుగా పెడతాం. అప్పుడు తేనెటీగల పట్టు కదిపినట్టు జుయ్ మంటది. దానికి కారణం ఉంది. గిటార్ ఆంప్‌లో ఉండే స్పీకర్ సుమారు 5000 హెర్ట్జ్ దాటిన శబ్దాన్ని పెద్దగా బయటికి పంపదు. ఓవర్‌డ్రైవ్‌లో పుట్టిన ముళ్లన్నీ అక్కడ రాలిపోతయ్. ఇయర్‌ఫోన్లు, డీజే బాక్సులు ఆ ముళ్లను కూడా వదలకుండా వినిపిస్తయ్. అందుకే ప్రాసెసర్‌లో క్యాబ్ అనే బ్లాక్ తప్పకుండా ఆన్‌లో ఉండాలి. అది స్పీకర్ పెట్టె చేసే పనిని చేస్తది. టోన్ బాగాలేదని కొత్త గిటార్ గురించి ఆలోచించే ముందు ఈ ఒక్క స్విచ్ చూసుకోండి.

ఆఖరుకు డిలే, రివర్బ్. కొండ ముందు నిలబడి కూత వేస్తే తిరిగి వస్తది కదా, డిలే అంతే. సోలోలో ఒక స్వరం అయిపోయే చోట దాని నీడ ఇంకా ఉంటే మధ్యలో ఖాళీ గరుకుగా అనిపించదు. టైమ్ పాట వేగానికి కుదరాలి. లెక్క సులువు. 60,000ను పాట బీపీఎంతో భాగిస్తే ఒక బీట్‌కు ఎన్ని మిల్లీ సెకన్లో వస్తది. 75 బీపీఎం పాటకు 800. దాంట్లో సగం, 400 పెట్టండి. మిక్స్ ఎక్కువైతే స్వరాలు ఒకదాని మీద ఒకటి పడి గలీజైతది.

ఇప్పటిదాకా చెప్పినదంతా ఒక దగ్గర రాస్తున్నాం. స్క్రీన్‌షాట్ తీసుకోండి. నాబ్‌లు 10కి లెక్క.

గిటార్: నెక్ పికప్, వాల్యూమ్ 8, టోన్ 5
కంప్రెసర్: ఉంటే కొంచెం, 3 దాటొద్దు
ఓవర్‌డ్రైవ్: డ్రైవ్ 3, లెవెల్ 8, టోన్ 5
ఆంప్: గెయిన్ 5, బాస్ 4, మిడ్ 7, ట్రెబుల్ 5
క్యాబ్: ఆన్
డిలే: 400 మిల్లీ సెకన్లు, రెండు మూడు రిపీట్లు, మిక్స్ 20 శాతం
రివర్బ్: 10 నుంచి 15 శాతం
నాయిజ్ గేట్: హమ్ ఆగేంత మాత్రమే. ఎక్కువ పెడితే స్వరం తోకను కోసేస్తది.

గిటార్ వాల్యూమ్‌ను 8 దగ్గర పెట్టమన్నది ఎందుకంటే, సోలోలో పైకి పోవాల్సిన చోట చిటికెన వేలుతో 10కి తిప్పొచ్చు. అక్కడ శబ్దం పెరుగుడు కంటే గొంతు బిగుసుకుడు ఎక్కువ వినపడతది.

హమ్ గురించి ఒక మాట, దాంతోపాటు ఒక హెచ్చరిక. సింగిల్ కాయిల్ పికప్‌లు పాత ట్యూబ్‌లైట్ చోక్, ఫ్యాన్ రెగ్యులేటర్, చార్జర్ ఏది పక్కన ఉన్నా దాని గుయ్‌ను పట్టుకుంటయ్. కూర్చున్న చోటనే గిటార్‌ను మెల్లగా పక్కకు తిప్పుతూ పోతే హమ్ తగ్గే దిక్కు ఒకటి దొరుకుతది. ఇక హెచ్చరిక. ఊళ్లలో జనరేటర్ మీద నడిచే స్టేజీకి ఎర్త్ సరిగ్గా ఉందో లేదో మనకు తెల్వదు. తీగల మీద చెయ్యి ఉండగా మైక్ ముట్టుకుంటే ప్రాణానికే ప్రమాదం. 1972లో వేల్స్‌లోని స్వాన్సీలో లెస్ హార్వే అనే గిటారిస్టు స్టేజీ మీద ఎర్త్ లేని మైక్‌ను పట్టుకుని షాక్‌తో చనిపోయాడు. సౌండ్ అన్నను ముందే అడగండి, టెస్టర్ పెట్టి చూపించమనండి. సిగ్గుపడొద్దు.

సెట్టింగులు ఇంతే. ఇవన్నీ పెట్టినా గిటార్ ఇంకా సగమే పాడుతది. మిగిలిన సగం చేతుల్లో ఉంది.

మూడో తీగ 9వ ఫ్రెట్ మీటండి. ఆ స్వరాన్ని నోటితో పాడండి. ఇప్పుడు 7వ ఫ్రెట్ మీద వేలు పెట్టి, తీగను పైకి నెట్టి అదే స్వరానికి చేర్చండి. చేరకముందే ఆగితే ఏడుపు, దాటిపోతే అరుపు. సరిగ్గా చేరి అక్కడ నిలబడితే పాట. రోజూ పది నిమిషాలు ఇదొక్కటే చెయ్యండి. తర్వాత వైబ్రేటో. వేలును వణికించడం కాదది. స్వరాన్ని కొంచెం పైకి తీసుకెళ్లి మళ్లీ ఇంటికి తేవాలి, ప్రతిసారీ అంతే దూరం, అంతే వేగం. ఐరిష్ గిటారిస్టు గ్యారీ మూర్ 'పారిజియన్ వాక్‌వేస్' లైవ్‌లో ఒకే స్వరాన్ని పట్టుకుని జనం చప్పట్లు కొట్టేదాకా నిలబెట్టేవాడు. అన్ని వేళ్లు ఉరికించినా రానిది ఆ ఒక్క స్వరంతో వచ్చింది.

వేళ్లు నొప్పి అనే తమ్ముళ్లకు టోనీ అయోమీ కథ చెప్తాం. బర్మింగ్‌హామ్‌లో కార్మికుల ఇంటి పిల్లగాడు. 17 ఏండ్లప్పుడు రేకుల ఫ్యాక్టరీలో మెషీన్ కింద పడి కుడిచేతి రెండు వేళ్ల కొసలు తెగిపోయాయి. ఎడమచేతి వాటం కాబట్టి తీగలు నొక్కేది ఆ చెయ్యే. ప్లాస్టిక్ సీసాను కరిగించి వేళ్లకు తొడుగులు చేసుకున్నాడు, సన్నని తీగలు వేసుకున్నాడు, తర్వాత శ్రుతి కూడా కిందికి దించాడు. బ్లాక్ సబ్బత్ బ్యాండ్ బరువైన శబ్దం అట్లా పుట్టింది. మీరు కూడా సన్నని తీగలతో మొదలుపెట్టండి, 9 నుంచి 42 సైజు సెట్ అని అడగండి. బెండ్ చెయ్యడం సులువైతది.

ఇప్పుడు "రాక్ మనకెందుకు" అనే మాట గురించి.

మొన్న కాలేజీ ఫెస్ట్‌కు పేర్లు ఇయ్యబోతే ఒకాయన "మీరు గుస్సాడీ వెయ్యండి, మస్తు బాగుంటది. రాక్ ఎందుకు మీకు?" అన్నాడు. కోపంతో కాదు, మంచిగనే అన్నాడు. గుస్సాడీ అంటే మాకు ప్రాణం. కానీ అది దండారి రోజుల్లో నియమం పట్టి వేసేది. ఆ నియమంలో ఉన్నవాళ్లు పండుగ ముగిసేదాకా స్నానం కూడా చెయ్యరు. సినిమా పాటకూ ఫ్యాషన్ షోకూ మధ్యలో ఐదు నిమిషాలు వేసి దిగే ఐటెం కాదది. ఆ మాట మేము చెప్పాం, ఆయన విన్నాడు కూడా. కానీ రెండో ప్రశ్న మాలోనే మిగిలిపోయింది. ఈ శబ్దం అసలు ఎవరిది?

వెతికితే తెలిసింది. ఆంప్ గరుకును ప్రపంచానికి వినిపించిన మొదటివాళ్లలో లింక్ రే ఒకడు. 1929లో అమెరికా నార్త్ కరోలినాలో పుట్టాడు, షానీ ఆదివాసీ మూలాలున్న కుటుంబం. సైన్యంలో పనిచేసి వచ్చాక క్షయ వల్ల ఒక ఊపిరితిత్తి తీసేయాల్సి వచ్చింది. పాడే శక్తి తగ్గింది, గిటార్ మీదే నిలబడ్డాడు. కావాల్సిన గరుకు రాకపోతే ఆంప్ స్పీకర్‌కు పెన్సిల్‌తో బొక్కలు పొడిచాడు. 1958లో వచ్చిన ఆయన 'రంబుల్'లో ఒక్క మాట కూడా లేదు. అయినా కొట్లాటలు రేపుతదేమోనని కొన్ని రేడియో స్టేషన్లు దాన్ని ఆపేశాయి. మన ఊళ్లలో క్షయ అంటే ఏందో మనకు చెప్పాల్సిన పని లేదు. ఊపిరి సగం పోయిన మనిషి, మాట లేని పాటతో అంతమందిని భయపెట్టాడు. ఆ సంగతి చదివిన రాత్రి మేము నలుగురం చాలాసేపు పడుకోలేదు.

ఇంకొకాయన జెస్సీ ఎడ్ డేవిస్. ఓక్లహోమాలో పుట్టాడు, కయోవా, కమాంచీ తెగల బిడ్డ. 1971లో న్యూయార్క్‌లో జార్జ్ హారిసన్, పండిట్ రవిశంకర్ కలిసి బంగ్లాదేశ్ శరణార్థుల కోసం చేసిన కచేరీలో స్టేజీ మీద ఉన్నాడు. జాక్సన్ బ్రౌన్ పాట 'డాక్టర్ మై ఐస్' 1972లో వచ్చింది, దాంట్లో సోలో ఈయనదే. మీకు పాడే టోన్ అంటే ఏందో ఒక్క ముక్కలో చూపించమంటే మేము అదే వినిపిస్తాం. గెయిన్ తక్కువ, స్వరాలు తక్కువ, ప్రతి స్వరానికీ ఒక మాట చెప్పినట్టు ఉంటది. 2017లో అమెరికా ఆదివాసీ సంగీతకారుల మీద 'రంబుల్' పేరుతోనే డాక్యుమెంటరీ వచ్చింది. లింక్ రే, జెస్సీ ఎడ్ డేవిస్ ఇద్దరూ దాంట్లో ఉన్నారు. వాళ్ల దేశం వేరు, వాళ్ల కష్టం వేరు. వాళ్లూ మనమూ ఒక్కటే అని గొప్పలు చెప్పుకోవడం మాకిష్టం లేదు. కానీ ఆదివాసీకి ఒక వేషం, ఒక డ్యాన్స్ మాత్రమే కేటాయించేవాళ్లకు చూపించడానికి ఈ రెండు పేర్లు చాలు.

ఇక కీక్రి. తెలియని తమ్ముళ్ల కోసం చెప్తున్నాం. మూడు తీగలు, విల్లుతో వాయించేది. గోండుల కథలను, పేన్‌ల చరిత్రను తరతరాలుగా పాడుతూ వస్తున్న ప్రధాన్‌ల వాయిద్యం. గొంతు కథ చెప్తుంటే కీక్రి ఆ గొంతును పట్టుకునే నడుస్తది.

మా రూమ్‌లో ఒకరు ప్రధాన్ ఇంటివాడు. వాళ్ల తాత కీక్రి పాడేవాడు, ఇప్పుడు ఎనభైకి దగ్గర్లో ఉన్నాడు. సంక్రాంతి సెలవులకు అందరం వాళ్ల ఊరికి పోయాం. ప్రాసెసర్‌ను చిన్న స్పీకర్‌కు తగిలించి, మేము కష్టపడి కుదుర్చుకున్న టోన్‌తో ఒక సోలో వినిపించాం. తాత కళ్లు మూసుకుని మొత్తం విన్నాడు. అయిపోయినంక గోండిలో ఒక మాట అన్నాడు. తెలుగులో చెప్పాలంటే, "గొంతు వచ్చింది రా. ఊపిరి ఇంకా రాలేదు. పాడేటోడు మధ్యలో గాలి పీల్చుకోడా?"

అది విని మాకు నవ్వొచ్చింది, తర్వాత ఆలోచన పడ్డది. సస్టెయిన్ దొరికిందంటే ఆగాల్సిన పని లేకుండా పోతది. మనిషి అట్లా పాడడు. కథ చెప్పే తాత ఒక చరణం అన్నాక ఆగుతడు, వినేవాళ్లు "ఊఁ" కొట్టడానికి జాగ ఇస్తడు, మళ్లీ అందుకుంటడు. ఆ రోజు నుంచి మేము సోలో ప్రాక్టీస్ చేసేటప్పుడు నోటితో పాడుకుంటూ వాయిస్తాం. ఊపిరి అయిపోయిన చోట చెయ్యి కూడా ఆగాలి. ఇది ఎంత పని చేస్తదో మీరే ఒక్క రోజు చూడండి. ఏ నాబ్ తిప్పినా ఇంత తేడా రాదు. డిలే ఎందుకు ఉందో కూడా అప్పుడే తెలుస్తది. మనం గాలి పీల్చుకునే జాగలో పాత స్వరం నీడ వినపడడానికే అది.

తాతను ఇంకొకటి అడిగాం. కీక్రి మీద పాడే పాటను గిటార్ మీద వాయించి ఫెస్ట్‌లో పెట్టొచ్చా అని. కొంచెంసేపు ఏమీ అనలేదు. "పేన్ పాటలు పేన్ ముందరే. స్వరం పట్టుకునే తీరు నేర్చుకోండి, అది ఎవ్వరి సొత్తూ కాదు" అన్నాడు. అందుకే మేము ఏ పూజ పాటనూ తీసుకోలేదు. స్వరానికి కింది నుంచి జారుకుంటూ పోయి చేరడం, చేరినంక వెంటనే వణికించకుండా కొంచెంసేపు నేరుగా నిలబెట్టడం, దిగేటప్పుడు మెల్లగా జారడం, ఈ మూడే తీసుకున్నాం. సొంతంగా ఒక ట్యూన్ కట్టుకున్నాం. మన కళలను స్టేజీ మీద పెట్టేటప్పుడు ఏది అడిగి తీసుకోవాలి, ఏది ముట్టుకోవద్దు అనేది మన పెద్దలను అడిగి తెలుసుకుంటే బయటివాళ్లతో వాదించడం కూడా సులువైతది.

ఫెస్ట్‌లో మాకు దొరికింది నాలుగు నిమిషాలు. సౌండ్ అన్నకు ముందే చెప్పి క్యాబ్ ఆన్‌లో పెట్టి నేరుగా మిక్సర్‌కు ఇచ్చాం. మిడ్ కోయొద్దని బతిమాలాం. సోలో వెనక వరుస దాకా వినపడ్డదని అక్కడ కూర్చున్న మన అక్కలు చెప్పారు. ప్రైజ్ రాలేదు. గుస్సాడీ వెయ్యమన్నాయన దిగంగనే వచ్చి "అది ఏం వాయిద్యం స్టైల్?" అని అడిగాడు. కీక్రి అని చెప్పాం. ఆయనకు ఆ పేరు మొదటిసారి తెలిసింది.

2019లో డేవిడ్ గిల్మోర్ తన నల్ల స్ట్రాట్ గిటార్‌ను వేలం వేస్తే 39 లక్షల 75 వేల డాలర్లు పలికింది. పింక్ ఫ్లాయిడ్ పాట 'కంఫర్టబ్లీ నంబ్' సోలో వాయించిన గిటార్ అది. వచ్చిన డబ్బును ఆయన పర్యావరణం కోసం పోరాడే సంస్థకు ఇచ్చేశాడు. గిటార్ పోయింది, కానీ ఆ తర్వాత వేరే గిటార్ మీద కూడా ఆయన ఆయనలాగే వినిపిస్తడు. తాత కీక్రి మాత్రం అట్లా కాదు. దాని వెంట తాత గొంతు, తాతకు తెలిసిన కథలు ఉన్నాయి, అవి వేలంలో దొరకవు. మా ప్రధాన్ తమ్ముడు వేసవి సెలవులు మొత్తం ఊళ్లోనే ఉంటానంటున్నాడు. విల్లు పట్టుడు నుంచి మొదలుపెట్టాలని తాత ఒప్పుకున్నాడు. గిటార్ మా ముగ్గురి దగ్గర ఉంటది.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, పైన రాసిన సెట్టింగులు పెట్టుకుని చూడండి, మీ చెవికి తగ్గట్టు మార్చుకోండి. మీ ఊళ్లో కీక్రి గానీ, పెప్రె గానీ, ఏ వాయిద్యం వాయించే పెద్దమనిషి ఉన్నా ఈ సెలవుల్లో పోయి ఒక పూట పక్కన కూర్చోండి. ఫోన్‌లో రికార్డ్ చేసుకునే ముందు అడగండి. ఎక్కడ ఊపిరి తీసుకుంటున్నారో చూడండి.

జై సేవా. జై ఆదివాసీ.